ఇంటికి రావలసిన మనిషి కాస్త ఆలస్యమైతే చాలు, మనసు కీడునే శంకిస్తోంది: ఇది స్వభావమా, జబ్బా?

ప్రశ్న: హంద్రీ ఒడ్డు, కర్నూలు

అందరికీ నమస్కారం. మేము కర్నూలు పాతబస్తీలో ఉంటాము. మావారు ఓర్వకల్లు సమీపంలోని ఒక కర్మాగారంలో పనిచేస్తూ, రోజూ నంద్యాల రోడ్డు మీదుగా బైకుపై వెళ్లి వస్తుంటారు. షిఫ్టు ముగించుకుని ఏడుంపావుకల్లా ఇల్లు చేరడం ఆయనకు అలవాటు. ఏడున్నర దాటిందంటే నాకు కాలు నిలవదు. పొయ్యి మీద పెనం వేడెక్కుతూ ఉంటుంది, చేతికి జొన్నపిండి అంటుకునే ఉంటుంది, ఆ చేత్తోనే ఫోను తీసి ఆయన వాట్సాప్‌లో చివరిసారి ఎప్పుడు కనిపించారో చూస్తాను. ఆరూ యాభైకి కనిపించి ఉంటే, ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందన్న ఆలోచన మొదలవుతుంది. ఫోను చేస్తే ఎత్తరు, బండి మీద ఉంటారు కాబట్టి ఎత్తలేరు కూడా. ఆ సంగతి తెలిసినా గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమటలు పడతాయి, రోడ్డు పక్కన పడి ఉన్న బండి కళ్ల ముందు కనిపిస్తుంది. వీధి మలుపులో ఆయన బండి చప్పుడు వినపడగానే అంతా సర్దుకుంటుంది. కానీ ఆయన చెప్పులు విడిచేలోపే ఫోను ఎందుకు ఎత్తలేదని నేను గొడవ మొదలుపెడతాను, ఇద్దరమూ ముఖాలు ముడుచుకునే భోజనం చేస్తాము.

ఇది ఆయన రాకపోకలకే పరిమితమైతే ఇంతగా బాధపడేదాన్ని కాదు. పాప బడి ఆటో రావడం ఆలస్యమైనా, అత్తగారు రాత్రి రెండుసార్లు దగ్గినా, పుట్టింటి నుంచి వేళ కాని వేళ ఫోను వచ్చినా ఇదే వరస. గ్యాసు కట్టేశానో లేదోనని పడుకున్నాక లేచి వెళ్లి చూసి వస్తాను. పొద్దున లేచేసరికి మెడ, భుజాలు పట్టేసి ఉంటాయి. దాదాపు ఏడాదిగా ఇలాగే ఉంది.

‘నీకేం తక్కువమ్మా, కూర్చుని లేనిపోనివి ఊహించుకుంటావు’ అని అత్తగారు అంటారు. ఆమె మాటలో తప్పు లేదు, మాకు పెద్ద కష్టాలేవీ లేవు. అందుకే అడుగుతున్నాను: ఇది నా స్వభావమా, లేక జబ్బా? స్వభావమైతే మార్చుకునే వీలుందా? జబ్బైతే ఎవరి దగ్గరకు వెళ్లాలి? ‘ఆలోచించడం మానెయ్యి’ అన్న సలహా మాత్రం దయచేసి ఇవ్వకండి. అది చేతనైతే ఇక్కడ ఈ ప్రశ్న వేయవలసిన అవసరమే ఉండేది కాదు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆదోని

అమ్మా, మీ వయసు కూతురు మా ఇంట్లోనూ ఉంది కాబట్టి చనువుగా చెబుతున్నాను. ఏడు నుంచి ఎనిమిది వరకు ఖాళీగా గడియారం చూస్తూ కూర్చుంటే ఎవరికైనా మనసు చెడువైపే పోతుంది. ఆ గంటను పాపకు చదువు చెప్పడానికో, పారాయణానికో, గుడికి వెళ్లి రావడానికో కేటాయించండి. పనిలో ఉన్న మనసుకు కీడు ఎంచే తీరిక దొరకదు.

ఇంకొక చిన్న సంగతి. సాయంత్రం మీరు ఎన్ని టీలు తాగుతారో ఒకసారి గమనించండి. టీ, కాఫీలలో ఉండే కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే చాలామందికి సుమారు 5 గంటలు పడుతుంది. గుండె దడను అది పెంచుతుంది, నిద్రనూ చెడగొడుతుంది. నాలుగు దాటాక టీ మానేసి మజ్జిగ తాగడం మొదలుపెట్టాక మా ఇంట్లో ఆవిడకు కొంత తేడా కనిపించింది. అందరికీ అలాగే అవుతుందని అనను.

జవాబు: మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు, కడప

టీ గురించి పెద్దాయన చెప్పినది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. పారాయణం విషయంలో మాత్రం ఒక చిన్న మెలిక ఉంది. ఇష్టంతో చేస్తే అది మేలే చేస్తుంది. ‘ఈ పూట చదవకపోతే ఆయనకేమైనా అవుతుందేమో’ అన్న భయంతో చేస్తే, మీరు పదేపదే చేసే ఫోను ఎటువంటిదో అదీ అటువంటిదే అవుతుంది. ఎందుకో వివరిస్తాను.

మీరు రాసినదాంట్లో అసలు కీలకం ఆ బండి చప్పుడు దగ్గర ఉంది. ఆలోచన వస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, వాట్సాప్ చూస్తారు, ఫోను చేస్తారు, చివరకు మనిషి కనిపించగానే ప్రాణం కుదుటపడుతుంది. ఆ ఊరట చాలా తీయగా ఉంటుంది కాబట్టి మెదడు దాన్ని గట్టిగా గుర్తు పెట్టుకుంటుంది. అయితే అది నేర్చుకునే పాఠం ‘ప్రమాదమేమీ లేదు’ అని మాత్రం కాదు. ‘ప్రమాదం ఉన్నమాట నిజమే, కనిపెట్టుకుని ఉండబట్టి గట్టెక్కాము’ అని నేర్చుకుంటుంది. అందుకే మరునాడు ఏడుంపావుకు మళ్లీ మొదటికి వస్తుంది. తామరను గోకినట్టే ఇది: గోకిన క్షణం హాయి, ఆ తర్వాత రెట్టింపు దురద. గ్యాసు పొయ్యి దగ్గరకు రెండోసారి వెళ్లి చూడడమూ ఈ కోవలోదే. ఆలోచన రావడం మీ చేతిలో లేదు, దాని వెంబడి చేసే పని మాత్రం చాలావరకు మీ చేతిలో ఉంది. మార్పు మొదలుపెట్టవలసినది అక్కడే.

‘ఆలోచించడం మానెయ్యి’ అన్న సలహా వద్దన్నారు, సరిగ్గా అన్నారు. 1987లో డానియెల్ వెగ్నర్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని, ఒకవేళ గుర్తొస్తే గంట కొట్టమని విద్యార్థులకు చెప్పారు. వాళ్లు గంట కొడుతూనే ఉన్నారు. పైగా, ఆ తర్వాత దాని గురించి ఆలోచించవచ్చని చెప్పినప్పుడు, మొదటి నుంచీ ఏ ఆంక్షా లేనివారికంటే వీరికే అది ఎక్కువగా గుర్తొచ్చింది. అణచిపెట్టడం వల్ల ఆలోచనకు బలం చేకూరుతుందని అర్థం.

మరి ఏం చేయాలంటే, చింతకు ఒక వేళను, ఒక చోటును కేటాయించాలి. వినడానికి వింతగా ఉన్నా, థామస్ బోర్కోవెక్ బృందం 1983లోనే పరీక్షించి చూసిన పద్ధతి ఇది. రోజూ ఒకే సమయంలో, ఒకే చోట అరగంటసేపు కూర్చుని చింతించాలి. మిగతా రోజంతా చింత తలెత్తినప్పుడు దాన్ని ఆ అరగంటకు వాయిదా వేసి, చేతిలో ఉన్న పనిలోకి తిరిగి రావాలి. మీకైతే మధ్యాహ్నం మూడు, మూడున్నర అనువుగా ఉంటుందని నా అభిప్రాయం. పడకకు దగ్గరి వేళను, మీవారు వచ్చే వేళను ఎంచుకోకండి. ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ‘ఏమైనా అయితే’ అని మనసు సగంలో వదిలేసే వాక్యాన్ని చివరిదాకా రాయండి. ఏమవుతుందని భయం? ఆలస్యానికి వేరే కారణాలు ఏవేవి ఉండవచ్చు? గతంలో ఆలస్యమైన రోజుల్లో నిజంగా ఏం జరిగింది? రాస్తూ పోతే రెండు రకాలు విడిపోతాయి. కొన్నింటిలో చేయవలసిన పని ఉంటుంది: హెల్మెట్ పట్టీ సరిగా ఉందా, బండి వెనుక లైటు వెలుగుతోందా, టైరు అరిగిందా. ఆ పని చేసేస్తే ఆ చింతకు అక్కడితో సరి. మిగిలినవాటిలో చేయగలిగినది ఏదీ ఉండదు. వాటితో వాదన పెట్టుకోనక్కరలేదు, ‘రేపు మూడింటికి చూద్దాం’ అని పక్కన పెడితే చాలు.

ఫోను విషయంలో ఒక్కసారిగా నిగ్రహించుకోవడం కష్టం. చేయాలనిపించిన క్షణంలో చేయకుండా మొదట పది నిమిషాలు ఆగండి, ఆందోళన పదికి ఎంత ఉందో ఒక అంకె వేసుకోండి. ఆ పది నిమిషాలలో రొట్టె కాల్చండి. రొట్టె అంచు మాడకుండా చూడడంలో మీ దృష్టి నిలిపితే అది కూడా సాధనే. పది నిమిషాల తర్వాత మళ్లీ అంకె వేయండి. ఫోను చేయకపోయినా ఆందోళన ఒక మెట్టు దిగిందని మీ కళ్లతో మీరు చూసిన రోజున, నేను ఇక్కడ రాసినదంతా మీకు నిజంగా అర్థమవుతుంది. తర్వాత పదిని ఇరవై చేయండి.

మెడ, భుజాల నొప్పికి ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడు గత శతాబ్ది తొలినాళ్లలో రూపొందించిన సడలింపు పద్ధతి ఉపయోగపడుతుంది. పిడికిలి కొన్ని క్షణాలు గట్టిగా బిగించి, ఒక్కసారిగా వదిలి, ఆ తేడాను గమనించడం. ఆపై భుజాలు, దవడ, పాదాలు. ఊపిరి విడవడం పీల్చడం కంటే నిదానంగా సాగనివ్వండి.

ఇక స్వభావమా జబ్బా అన్న ప్రశ్న. పలు విషయాల గురించిన మితిమీరిన చింత, ఎక్కువ రోజులలో, కనీసం 6 నెలలుగా ఉంటూ, దానితోపాటు నిద్ర చెడడం, కండరాలు పట్టేయడం, చిరాకు, అలసట వంటివి కలిసి, ఇల్లూ పనీ దెబ్బతింటుంటే దాన్ని జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్‌గా వైద్యులు పరిగణిస్తారు. 2006లో ప్రచురితమైన జీఏడీ-7 అనే ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల గురించిన 7 ప్రశ్నలకు 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 21కి 10 లేదా అంతకు మించితే వైద్యులను కలవడం మంచిది. అది జబ్బును నిర్ధారించే పరీక్ష కాదు, వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి పనికొస్తుంది. మీరు రాసిన లక్షణాలను, ఏడాదిగా ఉందన్న మాటను చూస్తే, మార్కులతో నిమిత్తం లేకుండా ఒకసారి వెళ్లమనే చెబుతాను. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోనే మానసిక వైద్య విభాగం ఉంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా గుండె దడ, చెమటలు, నిద్రలేమి ఇలాగే ఉంటాయి కాబట్టి ఆ రక్తపరీక్ష కూడా అడగండి.

జవాబు: వేరుశనగ రైతు, కళ్యాణదుర్గం

మేడమ్ గారు చెప్పినది బాగానే ఉంది. కానీ నాకొక సందేహం. అనంతపురం జిల్లాకు ఏడాది పొడవునా పడే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్తా అదనుకు పడదు. విత్తనం పడ్డాక, ఊడలు దిగే సమయంలో మూడు వారాలు చినుకు లేకపోతే పంట ఏమవుతుందో మాకు ఊహించుకోవలసిన పని లేదు, మా కళ్లతో చూసినదే. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, మిద్దె మీదికి వెళ్లి ఆకాశం చూసే అలవాటు నాకే కాదు, మా ఊళ్లో చాలామందికి ఉంది. చెల్లెమ్మ భయం నిజమయ్యే అవకాశం తక్కువ కావచ్చు. మా భయం రెండేళ్లకొకసారైనా నిజమవుతూనే ఉంటుంది. అటువంటివారికి నోటుపుస్తకంలో రాసుకోమంటే ఎగతాళి చేసినట్టు ఉండదా?

జవాబు: మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు, కడప

అన్నా, మీ ప్రశ్న న్యాయమైనది. మీ చింతను ఉత్త ఊహ అని ఎవరైనా అంటే అది అన్యాయం. అప్పు, వాన, ధర, ఇవి మనసులోని సమస్యలు కావు, వాటికి బయటే పరిష్కారం వెతకాలి. అయినా ఒక తేడా ఉంది. పంట బీమా నమోదు గడువు ఎప్పుడో కనుక్కోవడం, పక్క పొలం బోరు నుంచి ఒక్క తడి అయినా ఇప్పించుకునేందుకు మాట్లాడుకోవడం, కరవు ఏడాది బ్యాంకు అప్పు గడువు పెంచమని ముందుగానే అర్జీ పెట్టడం, ఇవన్నీ పగటి పనులు. రాత్రి రెండింటికి ఆకాశం చూడడంలో వీటిలో ఏదీ జరగదు, మరునాడు ఈ పనులకు కావలసిన సత్తువ మాత్రం కరిగిపోతుంది. నోటుపుస్తకం వానను తీసుకురాదు. ఏ పని ఏ రోజు ఎవరి దగ్గర చేయాలో తేల్చుకునే చోటుగా వాడుకుంటే, మీవంటివారికే అది ఎక్కువ పనికొస్తుందని నా అనుభవం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అప్పుల ఆలోచన ‘ఇక బతికి లాభం లేదు’ అన్నదాకా పోతే, మీకైనా, మీ ఊళ్లో ఎవరికైనా, నోటుపుస్తకాలు, వాయిదాలు పక్కనపెట్టి వెంటనే 14416కు ఫోను చేయాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

జవాబు: మందుల దుకాణంలో పనిచేసిన వ్యక్తి, ప్రొద్దుటూరు

మాత్రల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. ఎప్పుడో రాసిన పాత చీటీ పట్టుకునో, పక్కింటివారి మాత్ర అట్టముక్క చూపించో, ‘నిద్రకు ఇదొక్కటి ఇవ్వన్నా’ అని అడిగేవారిని చాలా ఏళ్లు చూశాను. వారు అడిగేది ఎక్కువగా అల్ప్రాజొలామ్. వేసుకున్న గంటలోపే బిగువు సడలుతుంది, అందుకే దానికి అంత గిరాకీ. కొన్ని వారాలు రోజూ వేసుకుంటే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, ఒక్కసారిగా మానేస్తే మునుపటికంటే ఎక్కువ ఆందోళన, నిద్రలేమి, కొందరికి మూర్ఛ కూడా రావచ్చు. ఈ కారణంగానే 2013లో దీన్ని హెచ్1 షెడ్యూలులో చేర్చారు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు వైద్యుడి పేరు, రోగి పేరు, ఇచ్చిన మోతాదు వేరే రిజిస్టరులో రాసి 3 ఏళ్లు భద్రపరచాలి. ఇప్పటికే రోజూ వేసుకుంటున్నవారు ఇది చదివి గబుక్కున ఆపేయకండి, వైద్యుడిని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

మానసిక వైద్యులు దీర్ఘకాలానికి సాధారణంగా రాసేవి వేరు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్ వంటివి వెంటనే పనిచేయవు, గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కడుపులో తిప్పడం, కాస్త కలవరం ఉండవచ్చు. ‘నాలుగు రోజులు వాడాను, ఏం తేడా లేదు’ అని అట్ట తిరిగి ఇచ్చేయబోయినవారు ఎందరో. ఆ అట్టను వెనక్కు తీసుకోకుండా, మళ్లీ వైద్యుడి దగ్గరకు పంపడమే దుకాణంలో నేను చేసిన మంచి పని అనుకుంటాను.

ప్రశ్న వేసినవారి స్పందన: హంద్రీ ఒడ్డు, కర్నూలు

అందరికీ కృతజ్ఞతలు. ప్రశ్నావళి మార్కులు వేసుకుంటే 13 వచ్చాయి. ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించుకున్నాము, మావారు కూడా వస్తామన్నారు.

అధ్యాపకురాలు గారు చెప్పిన రెండు రకాల తేడా నాకు ఒక పాత విషయంతో బోధపడింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు మునిగినప్పుడు నేను పదో తరగతిలో ఉన్నాను. మా సర్టిఫికెట్లన్నీ బురదలో ముద్దయిపోయాయి. ఆ తర్వాత నుంచి వానాకాలం రాగానే ముఖ్యమైన కాగితాలను ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి అటక మీదికి ఎక్కించడం మా అమ్మకు ఆచారమైపోయింది, నేనూ అలాగే చేస్తాను. కాగితాల గురించి నాకు ఎన్నడూ దిగులు కలగదు. తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీకి నీళ్లెన్ని వస్తున్నాయోనని వార్తలు చూస్తూ కూర్చున్న రాత్రుల్లో మాత్రం కంటి మీద కునుకు ఉండదు. మూటకట్టడంలో పని ఉంది, వార్తలు చూడడంలో లేదు.

ఒక్క సందేహం మిగిలింది. ‘బయలుదేరాను’ అని రోజూ మెసేజ్ పెడతానని మావారు అంటున్నారు. అది కూడా ఊరట కోసమే కదా? ఒప్పుకోవచ్చా?

జవాబు: సిమెంటు కర్మాగారం ఉద్యోగి, ఎర్రగుంట్ల

అక్కా, మీవారి వైపు నుంచి ఒక మాట చెబుతాను. మా అమ్మకూ ఇదే ఆందోళన ఉండేది. బండి నడుపుతుంటే జేబులో ఫోను అదురుతూనే ఉంటుంది. నాలుగోసారి అదిరేసరికి ‘ఇంటి దగ్గర ఏమైందో’ అని నాకే గుబులు పుట్టి, ఒక చేత్తో ఫోను తీయబోతాను. రోడ్డు మీద అంతకంటే ప్రమాదమేముంది? అందుకని మేమొక ఒప్పందం చేసుకున్నాము. గేటు దగ్గర బండి ఎక్కేముందు నేనే ఒక మెసేజ్ పెడతాను. బండి చెడినా, షిఫ్టు పొడిగించినా ఆగి నేనే చెబుతాను. అనుకున్న గడువు దాటేదాకా అమ్మ ఫోను చేయదు. మొదట్లో అమ్మకు చాలా కష్టమైంది, అలిగింది కూడా.

జవాబు: మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు, కడప

ఎర్రగుంట్ల తమ్ముడి ఒప్పందం బాగుంది, దాన్నే తీసుకోండి. ఆయనంతట ఆయన పెట్టే ఒక్క మెసేజ్ ఏ ఇంట్లోనైనా ఉండే మర్యాదే. దానికి మీరు ‘ఎక్కడిదాకా వచ్చారు’ అని తిరుగు ప్రశ్న వేస్తే మాత్రం మళ్లీ పాత దారిలో పడతారు. ఎనిమిది గంటలు గడువుగా పెట్టుకోండి, అంతకుముందు వాట్సాప్‌లో ఆయన పేరు తెరవకండి. వీలైతే ఆ ‘చివరిసారి చూసిన సమయం’ కనిపించకుండా సెట్టింగుల్లో దాచేయమని ఆయనకే చెప్పండి. కొన్ని వారాలు ఇలా గడిచాక, వారంలో ఒక రోజు మెసేజ్ లేకుండానే రమ్మనండి. ఏ రోజన్నది ముందే ఇద్దరూ అనుకోవాలి, చెప్పకుండా మానేస్తే అది సాధన కాదు, శిక్ష అవుతుంది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు నోటుపుస్తకం, ఆ అంకెలు వెంట తీసుకెళ్లండి, వైద్యులకు అవి పనికొస్తాయి. వరద నాటి దృశ్యాలు కలల్లోనో, వాన చప్పుడుకో మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు వస్తుంటే ఆ సంగతి కూడా విడిగా చెప్పండి. దానికి చేసే చికిత్స వేరుగా ఉంటుంది.